సముద్రం అవతలి బడికి మన డప్పు

మీ ఊళ్ళో ఎన్ని రకాల వాద్యాలు మోగుతాయో ఎప్పుడైనా లెక్క పెట్టారా? పుస్తకంలో బొమ్మలు వేసి ఉన్నవి కాదు, మీ చెవులతో మీరు విన్నవి.

నెల్లూరు తీరంలోని కోటలో చదువుకునే విద్యార్థి ఈ లెక్క మొదలు పెడితే రెండు చేతుల వేళ్ళూ చాలవు. గుడిలో గంట, శంఖం. పెళ్ళిలో నాదస్వరం, డోలు. ఊరేగింపులో బ్యాండు మేళం. భజనలో తాళాలు, హార్మోనియం. అమ్మవారి జాతరలో పంబలు, డప్పులు. పీర్ల పండుగకు డప్పులు. చావు ఇంటి ముందు మళ్ళీ డప్పులు, మళ్ళీ శంఖం.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. వేరే దేశంలోని ఒక బడి పిల్లలు మీకు ఉత్తరం రాసి, "మీ సంప్రదాయ వాద్యాలను గురించి మాకు చెప్పండి" అని అడిగారనుకోండి. మీరు ఏ బొమ్మలు పంపుతారు? వీణ, మృదంగం, వేణువు, తబలా. మహా అయితే ఒక సితారు. అవునా? డప్పు బొమ్మ పంపాలని మీలో ఎంతమందికి తోస్తుంది?

మొట్టమొదట పంపవలసింది డప్పునేనని నా అభిప్రాయం. కారణాలు చెబుతాను. విని, మీరే తూచి చూడండి.

ఉత్తరం నుంచి తెర దాకా

దేశదేశాల బడిపిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవటం కొత్త సంగతి కాదు. మీ తాతల కాలంలో కలం స్నేహితులుండేవారు. ఉత్తరం వెళ్ళటానికి కొన్ని వారాలు, జవాబు రావటానికి మరి కొన్ని వారాలు పట్టేది. 1988లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రపు బడులనూ, సోవియట్ యూనియన్‌లోని మాస్కో బడులనూ టెలికమ్యూనికేషన్ ద్వారా కలిపారు. ఆ ప్రయత్నమే పెరిగి ఐ-ఎర్న్ అనే అంతర్జాతీయ విద్యా సంస్థ అయింది. ఈనాడు బడిలో ఒక్క ఫోను ఉంటే చాలు, మీ తరగతి వేరే ఖండంలోని తరగతిని చూస్తూ మాట్లాడవచ్చు.

సంగీతం ఇలాంటి స్నేహాలకు చాలా అనువైనది. భాష రాకపోయినా వాద్యం వినిపించవచ్చు. ఐతే ఇందులో ఒక చిక్కు ఉంది. ఒక బడి వీణ బొమ్మ పంపుతుంది. అవతలి బడి గిటారు బొమ్మ పంపుతుంది. "చాలా బాగుంది" అని వీళ్ళంటారు. "చాలా బాగుంది" అని వాళ్ళంటారు. అంతటితో సరి. ఎవరికీ కొత్తగా తెలిసిందేమీ లేదు. ఆ బొమ్మలు, ఆ వివరాలు రెండు బడుల పుస్తకాల్లోనూ అదివరకే ఉన్నాయి.

వీణను చిన్న చూపు చూడమని నేను చెప్పటం లేదు. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే బొబ్బిలి పనివారి నేర్పు మనందరికీ గర్వకారణం. బొబ్బిలి పిల్లలు తమ వీణను గురించి పంపాలి. ఎందుకంటే వాళ్ళు నడిచి వెళ్ళి, ఆ పని చేసేవారిని అడిగి రాగలరు. కోట పిల్లలు పంపవలసింది కోట వీధిలో మోగేదాన్ని. మీరు మాత్రమే కనిపెట్టి చెప్పగల సంగతి ఏదో, అవతలివారికి అదే విలువైనది.

వాద్యాల ప్రయాణం మనకు అలవాటే. వయొలిన్ యూరప్ నుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మద్రాసులో నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. యూరపువారు నిలబడి, గడ్డం కింద ఆనించి వాయిస్తే, మనవారు నేలమీద కూర్చుని, దాని కొసను పాదం మీద ఆనించి వాయించారు. మన గమకాలు పలకటానికి ఆ కూర్పు వీలుగా ఉంది. తరవాత విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది పూర్తిగా మన వాద్యమే అయిపోయింది. ఎవరో పటం చూపిస్తే ఇది జరగలేదు. వాద్యాన్ని చేతిలోకి తీసుకుని, దాని శక్తి ఏమిటో వెతికితే జరిగింది. బడుల మధ్య మార్పిడి కూడా అలాగే జరగాలి.

సెగ కాగే రెండు వాద్యాలు

కోట బడికి జోడీగా ఎవరిని ఎంచుకుందాం? నన్నడిగితే మారిషస్ పిల్లలను ఎంచుకోమంటాను.

హిందూ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న చిన్న ద్వీపం మారిషస్. అక్కడి చెరకు తోటల్లో పని చేయటానికి 1834 నుంచి భారతీయులను ఒప్పందపు కూలీలుగా తీసుకువెళ్ళారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. గోదావరి ముఖం దగ్గరి కోరంగి రేవు పేరుమీద అక్కడ తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరు వచ్చింది. నేటికీ మారిషస్ బడుల్లో తెలుగు చెబుతారు. ఉగాది అక్కడ సెలవు దినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. కాబట్టి మీ ఉత్తరాన్ని తెలుగులోనే చదవగల పిల్లలు ఆ ద్వీపంలో ఉన్నారన్నమాట. వేళ కూడా కలిసి వస్తుంది. మనకు ఉదయం పది గంటలైనప్పుడు వారికి ఎనిమిదిన్నర. రెండు బడులూ తెరిచే ఉంటాయి.

ఇంతకన్నా గట్టి కారణం ఇంకొకటుంది. ఆ ద్వీపపు ముఖ్యమైన వాద్యం పేరు రవాన్. గుండ్రటి చెక్క చట్రం, దాని మీద బిగించిన మేకతోలు. వాయించబోయే ముందు దానిని మంట దగ్గర పెట్టి వేడి చేస్తారు. మన డప్పు ఎలా ఉంటుంది? గుండ్రటి చెక్క చట్రం, మేకతోలు. వాయించబోయే ముందు గడ్డి మంట వేసి సెగ చూపిస్తారు!

రవాన్ మోగే పాటకు, ఆటకు 'సెగా' అని పేరు. ఇది విని "అరే, మన సెగే అక్కడికి వెళ్ళింది!" అని తొందరపడకండి. ఆ ఆటపాటలు ఆఫ్రికా నుంచీ, మడగాస్కర్ నుంచీ బానిసలుగా తెచ్చిన మనుషులవి. పేరు కలిసినంత మాత్రాన, రూపం కలిసినంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు. ఐర్లండులో బోడ్రాన్, పశ్చిమాసియాలో డఫ్, తమిళనాడులో పరై, ఇలా ఒక చట్రానికి తోలు బిగించిన వాద్యాలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. ఐతే రెండు చోట్లా తోలుకు ఎదురైన కష్టం ఒకటే, దానికి మనుషులు కనిపెట్టిన మందూ ఒకటే. ఆ కష్టం ఏమిటో చూద్దాం.

తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పీల్చిన తోలు సాగి, వదులవుతుంది. వదులైన పొర సెకనుకు తక్కువ సార్లు కంపిస్తుంది. అంటే దాని పౌనఃపున్యం తగ్గి, మోత బొంగురుపోతుంది. సెగ తగిలితే తేమ ఆవిరై తోలు బిగుసుకుంటుంది, పౌనఃపున్యం పెరుగుతుంది, మోత ఖంగుమంటుంది. బిగువు నాలుగింతలైతే పౌనఃపున్యం రెండింతలవుతుంది. ఈ లెక్క భౌతికశాస్త్ర పుస్తకంలో ఉంటుంది. కాని ఏ రోజున ఎంతసేపు సెగ చూపాలో, ఎక్కడ ఆపకపోతే తోలు చిట్లుతుందో ఏ పుస్తకంలోనూ ఉండదు. అది వాయించే మనిషి చేతికీ, చెవికీ తెలుసు.

మీరు చేయగల ప్రయోగం

ఈ రెండు వాద్యాలతో రెండు బడులూ కలిసి ఒక మంచి ప్రయోగం చేయవచ్చు.

కోటకు వానలు ముఖ్యంగా అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అదే అక్టోబరులో మారిషస్‌లో వానలు తక్కువ. వారికి పెద్ద వానలు జనవరి నుంచి మార్చి దాకా. అంటే మన డప్పు బాగా తడిసే కాలంలో వారి రవాన్ ఆరి ఉంటుంది. వారి రవాన్ తడిసే కాలంలో మన డప్పు ఆరి ఉంటుంది.

వారానికి ఒక రోజు, ఒకే వేళకు, సెగ చూపకముందు ఒకసారి, చూపిన తరవాత ఒకసారి డప్పు మీద ఒకే చోట కొట్టి, శబ్దాన్ని ఫోనులో రికార్డు చేయండి. పౌనఃపున్యాన్ని హెర్ట్జ్‌లలో చూపించే ఉచిత సాధనాలు ఫోనుల్లో దొరుకుతాయి. ఆ రోజు గాలిలో తేమ శాతాన్ని వాతావరణ సమాచారం నుంచి రాసుకోండి. తోలుకు బదులు ప్లాస్టిక్ పొర బిగించిన డప్పులు ఈ మధ్య వాడుకలోకి వచ్చాయి. అలాంటిది ఒకటి సంపాదించి, దానినీ అదే విధంగా కొలవండి. ప్లాస్టిక్ తేమను పీల్చదు కనుక, తేడా తోలువల్ల వచ్చిందా, ఇంకేదైనా కారణం ఉందా అన్నది ఆ పోలిక వల్ల తేలుతుంది. మంట దగ్గర పెద్దవారు తప్పనిసరిగా ఉండాలి. సెగ చూపే పని వాయించేవారిదే, మీది కాదు.

ఏడాది తరవాత రెండు బడుల గ్రాఫులనూ పక్కపక్కన పెట్టండి. ఒక్క బడి ఎంత కష్టపడినా ఆ ఫలితం రాదు. ఇద్దరూ కలిస్తేనే వస్తుంది. అంతర్జాతీయ మార్పిడి అన్న పెద్ద మాటకు అప్పుడు అర్థం ఉంటుంది.

వాద్యం మీద శాస్త్రం నిర్మించటం మన దేశంలో వింత కాదు. చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న సి. వి. రామన్, నోబెల్ బహుమతి రాకముందు చాలా ఏళ్ళు వాద్యాలను పరిశోధించాడు. మామూలు వృత్తాకారపు పొరను కొడితే పుట్టే స్వరాల పౌనఃపున్యాలు 1, 1.59, 2.14, 2.30 అనే నిష్పత్తిలో ఉంటాయి. ఇవి పూర్ణసంఖ్యలు కావు కనుక ఆ మోతలో శ్రుతి స్పష్టంగా నిలవదు. కాని మృదంగం కుడి మూత మధ్యన నల్లటి ముద్ద పట్టించి ఉంటుంది కదా? దానివల్ల ముఖ్యమైన స్వరాలు 1, 2, 3, 4, 5 అనే నిష్పత్తిలోకి వస్తాయని రామన్, శివకాళి కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో చూపించాడు. 1934లో దీనినే ఇంకా విపులంగా రాశాడు. మూత మీద సన్నటి ఇసుక చల్లి, అది ఏ గీతల వెంట పోగవుతుందో చూసి, పొర ఎలా కంపిస్తోందో తెలుసుకున్నాడు. మీరు ఇసుకకు బదులు పొడి ఉప్మా రవ్వ చల్లి డప్పు మీద ఈ పరీక్ష చేయవచ్చు.

ఆ నల్ల ముద్దను కనిపెట్టినవారి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. తోలుపని చేసే చేతులు ఎన్నో తరాలుగా చేసి, చెరిపి, మళ్ళీ చేసి సాధించిన విజ్ఞానం అది. మృదంగానికి తోలు సిద్ధం చేసేదీ, డప్పుకు తోలు సిద్ధం చేసేదీ అవే చేతులని గుర్తు పెట్టుకోండి.

డప్పును ఎందుకు మరిచిపోతున్నాం?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పిల్లలు పంపే బొమ్మల్లో డప్పు లేకపోవటం మతిమరుపు కాదు. డప్పు వాయించేవారిని ఊరు దూరంగా ఉంచింది కనుక, డప్పును కూడా దూరంగా ఉంచింది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. అది అమలులోకి వచ్చి ఏడు దశాబ్దాలు దాటినా, 'మన సంప్రదాయ వాద్యాలు' అన్న జాబితా రాసేటప్పుడు పాత అలవాటు మన చేత కలం పట్టించి రాయిస్తోంది.

"శవం ముందు కొట్టే వాద్యం బడిలోకి ఎందుకు?" అని కొందరు పెద్దలు అడగవచ్చు. వారిని మర్యాదగా ఒక ప్రశ్న అడగండి. శంఖాన్ని గుడిలోనూ ఊదుతారు, చావు ఊరేగింపులోనూ ఊదుతారు. శంఖాన్ని ఎవరూ వెలివేయలేదే? ఐతే తప్పు వాద్యంలో లేదు, చావులో లేదు. వాయించే మనిషిని చూసే చూపులో ఉంది.

మారిషస్ చరిత్ర ఇక్కడ మనకు పనికి వస్తుంది. అక్కడ బానిసత్వం 1835లో రద్దయింది. ఆ తరవాత కూడా చాలాకాలం రవాన్‌నూ, సెగానూ బానిసల మోత అని గౌరవనీయులు చిన్న చూపు చూశారు. ఈనాడు అది ఆ దేశపు గుర్తు. 2014లో యునెస్కో సెగాను మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చింది. మీరు రవాన్ వివరాలు అడిగితే అక్కడి పిల్లలు ఈ కథ కూడా చెబుతారు. ఆ తరవాత వారు మిమ్మల్ని అడుగుతారు: "మరి మీ డప్పు సంగతేమిటి?" ఆ ప్రశ్నకు నిజం చెప్పగలిగేటట్లు మీరు తయారుగా ఉండాలి. వేరే దేశంవారితో మాట్లాడటం వల్ల కలిగే పెద్ద లాభం నా దృష్టిలో ఇదే. దూరాన ఉన్నవారికి జవాబు చెప్పాలంటే ముందు పక్క వీధికి వెళ్ళి అడగక తప్పదు.

ఇందులో ఒక జాగ్రత్త అవసరం. డప్పు వాయించేవారిలో దానిని గర్వంగా ఎత్తి పట్టుకున్నవారున్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం తన పేరులోనే దండోరాను పెట్టుకుంది. అదే సమయంలో, ఊరి చాకిరీగా బలవంతాన కొట్టించారు కనుక ఇక ముట్టం అని డప్పును పక్కన పెట్టేసినవారూ ఉన్నారు. రెండు నిర్ణయాలూ గౌరవించదగినవే. కనుక మీ తరగతిలోని ఏ స్నేహితుడినీ, స్నేహితురాలినీ "మీ ఇంట్లో డప్పు ఉందిగా, నువ్వు వాయించు" అనకండి. ఇష్టమైనవారు ఎవరైనా నేర్చుకోవచ్చు. డప్పు తరగతిలోకి వస్తే, అది వరసగా అందరి చేతుల్లోకీ వెళ్ళాలి.

నాలుగు నియమాలు

మీ ఉపాధ్యాయులు ఒప్పుకుని ఇలాంటి స్నేహం మొదలు పెడితే, ఈ నియమాలు పాటించమని నా సలహా.

ఒకటి: మీరు నడిచి వెళ్ళి చూడగల వాద్యాన్నే పంపండి. ఎక్కడినుంచో దించుకున్న బొమ్మ వద్దు.

రెండు: ప్రతి ఉత్తరంలోనూ మీరు కొలిచినదొకటి ఉండాలి. చట్రం అడ్డుకొలత ఎంత? బరువెంత? సెగకు ముందు, తరవాత పౌనఃపున్యం ఎంత?

మూడు: వాయించే పెద్దను ఉపాధ్యాయుడిగా పిలవండి. కుర్చీ వేయండి. "అయ్యా, మాకు చెప్పండి" అని అడగండి. రికార్డు చేసే ముందు అనుమతి తీసుకోండి. ఆయన ఒక రోజు కూలి వదులుకుని వస్తారు కనుక ఆ రోజుకు తగిన డబ్బు ఇవ్వాలి. ఆయన ఒప్పుకుంటే, పంపే ప్రతి రికార్డు మీదా ఆయన పేరు ఉండాలి.

నాలుగు: ఎంత చెప్పారో అంత అడగండి. చట్రానికి ఏ చెట్టు కర్ర? తోలును అంచుకు దేనితో అతికిస్తారు? సిర్రనూ, సిటికెన పుల్లనూ ఎలా పట్టుకుంటారు? పెళ్ళి దెబ్బకూ, చావు దెబ్బకూ తేడా ఎక్కడ? ఇవి ఇక్కడ అడిగితేగాని, రవాన్‌ను గురించి అక్కడ ఏమి అడగాలో మీకు తోచదు.

"పదో తరగతి పరీక్షలుండగా వీటికి తీరిక ఎక్కడ?" అంటారా? శబ్దం, కంపనాలు, పౌనఃపున్యం అనే పాఠాలు మీరు ఎలాగూ చదవాలి. బల్ల అంచున బిగించిన స్కేలును మీటి చదివినా ఆ పాఠమే, డప్పును కొలిచి చదివినా ఆ పాఠమే. రెండోది ఎక్కువ కాలం గుర్తుంటుంది.

కోట పిల్లలకు ఇంకొక సంగతి. మీకు దక్షిణంగా, ఇదే తీరం మీద శ్రీహరికోట ఉంది. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. ఆ తరవాత ఆరేళ్ళకు, 1977లో, అమెరికా ప్రయోగించిన రెండు వాయేజర్ నౌకల్లో ఒక్కొక్క బంగారు పూత రికార్డును పెట్టి పంపారు. ఏ లోకంలోనైనా వినేవారుంటే వింటారని 27 సంగీత భాగాలనూ, 55 భాషల్లో శుభాకాంక్షలనూ అందులో ఉంచారు. ఆ భాషల్లో మన తెలుగు ఉంది. మన దేశం నుంచి కేసర్‌బాయి కేర్కర్ గానం ఉంది. జర్మనీ దేశపు బాఖ్ సంగీతం ఉన్న ఆ రికార్డులోనే బెనిన్ పల్లెల డోళ్ళూ, సాలమన్ దీవుల వెదురు గొట్టాలూ ఉన్నాయి. భూమి తరఫున ఏమి పంపాలో నిర్ణయించవలసి వచ్చినప్పుడు కార్ల్ సాగన్ బృందం పల్లె వాద్యాన్ని పక్కన పెట్టలేదు. ఊరి తరఫున పంపవలసి వచ్చినప్పుడు మనం మాత్రం ఎందుకు పక్కన పెట్టాలి?

డప్పు దెబ్బలు తెలిసిన పెద్దలు మీ ఊళ్ళో ఇంకా ఉండగానే ఈ పని మొదలు పెట్టండి. తోలు డప్పుకు ఎంత సెగ చాలో చెవితో చెప్పగలిగినవారు వెళ్ళిపోతే, ఆ లెక్కను ఏ ఫోనూ తిరిగి తీసుకురాలేదు. ఈ ఆదివారమే ఒక నోటు పుస్తకం, ఒక కొలత టేపు తీసుకుని ఇద్దరు ముగ్గురు కలిసి బయలుదేరండి. మొదటి పేజీలో అన్నిటికన్నా పైన రాయవలసిన ప్రశ్న ఇది: "తాతా, ఇవాళ దీనికి ఎంతసేపు సెగ కావాలి?" ఆయన చెప్పిన జవాబు, మీరు కొలిచిన అంకె, రెండూ మాకు రాసి పంపండి.